సోషల్ వర్క్ చదువు: బీఎస్‌డబ్ల్యూ నుంచి ఎంఎస్‌డబ్ల్యూ దాకా హైదరాబాద్ విద్యార్థి తెలుసుకోవలసినవి

ఎంఎస్‌డబ్ల్యూలో, అంటే మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్‌లో చేరతానన్న అమ్మాయికి ఇంట్లో మొదట ఎదురయ్యే ప్రశ్న, "సేవ చెయ్యడానికి చదువెందుకమ్మా?" ఆ ప్రశ్న రావడంలో వింత లేదు. తెలుగులో సోషల్ వర్క్‌కీ సోషల్ సర్వీస్‌కీ కలిపి మనం ఒకటే మాట వాడుతున్నాం, సమాజ సేవ అని. ఉస్మానియా ఆస్పత్రి గేటు బయట రోగుల వెంట వచ్చినవాళ్లకు అన్నం పెట్టడం సేవ. దానికి మంచి మనసు చాలు. అదే ఆస్పత్రి లోపల, ఆపరేషన్ తేదీ రెండుసార్లు వాయిదా పడిన మనిషి మంచం పక్కన కూర్చుని మాట్లాడి, ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు ఉండటం వల్ల ఆరోగ్యశ్రీ కాగితం ఆగిందని కనిపెట్టడం వేరే పని. దాన్ని సరిచేయించడానికి ఆ ఇంట్లో ఎవరు ఏ ఆఫీసుకు వెళ్లాలో వాళ్లతోనే తేల్పించి, జరిగినదంతా రేపు డ్యూటీకి వచ్చే ఇంకొకరికి అర్థమయ్యేలా రాసిపెట్టడం సోషల్ వర్క్. దీనికీ మంచి మనసు కావాలి, కానీ అది చాలదు. పద్ధతి తెలియాలి, చట్టం తెలియాలి, ఎదుటి మనిషి తన నిర్ణయం తాను తీసుకునేదాకా ఆగడం అలవాటు కావాలి.

ఈ చదువు గురించి చెప్పేటప్పుడు చాలామంది కాలేజీల పేర్లు, ఉద్యోగాల జాబితా చెప్పి ఊరుకుంటారు. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. లాయరుకు బార్ కౌన్సిల్ ఉంది, నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ ఉంది. సోషల్ వర్కర్లందరినీ నమోదు చేసి లైసెన్సు ఇచ్చే కౌన్సిల్ మన దేశంలో లేదు. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం మెడికల్, సైకియాట్రిక్, క్లినికల్ సోషల్ వర్కర్లను తన జాబితాలో చేర్చింది. అది ఆరోగ్య రంగం వరకే. బస్తీలో, బాలల సంరక్షణలో, జైల్లో, స్కూల్లో పనిచేసేవాళ్లకు అటువంటి గుర్తింపు లేదు. అందువల్ల ఇద్దరి చేతుల్లో ఒకే యూనివర్సిటీ ఎంఎస్‌డబ్ల్యూ పట్టా ఉన్నా వాళ్లకు వచ్చిన పని ఒకటే కాకపోవచ్చు. ఆ తేడా వచ్చేది ఫీల్డ్ వర్క్ దగ్గర, అంటే చదువులో భాగంగా ఏదో ఒక సంస్థలోనో బస్తీలోనో చేసే పని దగ్గర. కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

పేర్ల గందరగోళం

ముందు డిగ్రీల పేర్లు విడదీసుకుందాం. బీఎస్‌డబ్ల్యూ, అంటే బ్యాచిలర్ ఆఫ్ సోషల్ వర్క్, ఇంటర్ తర్వాత చేసే డిగ్రీ. తెలంగాణలో డిగ్రీ సీట్లు చాలావరకు దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారానే కాబట్టి ఏ ఏడాది ఏ కాలేజీలో ఆ కోర్సు నడుస్తోందో దోస్త్ జాబితాలోనే చూసుకోవాలి. చాలా తక్కువ చోట్ల ఉంటుంది. కొన్నిచోట్ల బీఏలో ఒక సబ్జెక్టుగా సోషల్ వర్క్ చెబుతారు. అది బీఎస్‌డబ్ల్యూతో సమానం కాదు, ఎందుకంటే అందులో ఫీల్డ్ వర్క్ గంటలు బాగా తక్కువ.

ఎంఎస్‌డబ్ల్యూ రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. దీనికి బీఎస్‌డబ్ల్యూ చేసి ఉండాలన్న నియమం లేదు, ఏ డిగ్రీ అయినా చాలు. బీకాం, బీఎస్సీ, బీటెక్ చేసినవాళ్లూ వస్తారు. ఈ వెసులుబాటులో మంచీ ఉంది, ఇబ్బందీ ఉంది. బీఎస్‌డబ్ల్యూ చేసి వచ్చిన విద్యార్థికి మొదటి సెమిస్టర్ చాలావరకు విన్నదే అనిపిస్తుంది. బీఎస్సీ నుంచి వచ్చిన విద్యార్థికి అదే సెమిస్టర్‌లో సోషియాలజీ, సైకాలజీ, ఫీల్డ్ వర్క్ మూడూ ఒకేసారి మీద పడతాయి. మొదటి రెండు నెలల్లో మానేసేవాళ్లు ఎక్కువగా రెండో రకం. చేరకముందే సోషియాలజీ, సైకాలజీ ఇంటర్ పుస్తకాలు ఒకసారి చదువుకుని వస్తే ఆ బరువు సగం తగ్గుతుంది.

హైదరాబాద్‌లో దారులు ఇవి. ఉస్మానియా యూనివర్సిటీలో, దానికి అనుబంధంగా ఉన్న గచ్చిబౌలిలోని రోడా మిస్త్రీ కాలేజీ ఆఫ్ సోషల్ వర్క్ వంటి చోట్ల ఎంఎస్‌డబ్ల్యూ సీటుకు సీపీగెట్ అనే ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. కాకతీయ, తెలంగాణ, పాలమూరు యూనివర్సిటీల సీట్లకు కూడా ఇదే పరీక్ష. గచ్చిబౌలిలోనే ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ ఉంది, ఉర్దూ చదివి ఉండాలి. పాతబస్తీలో పనిచేయాలనుకునేవాళ్లకు ఆ భాష పెద్ద బలం. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అంటే అందరూ టిస్ అనేది, 1936లో బొంబాయిలో మొదలైంది. దానికి హైదరాబాద్‌లోనూ క్యాంపస్ ఉంది. అయితే ఏ క్యాంపస్‌లో ఏ కోర్సు ఇస్తున్నారో ఆ ఏడాది ప్రకటన చూసుకోకుండా దరఖాస్తు పెట్టకండి. దాని పీజీ ప్రవేశం సీయూఈటీ పీజీ ద్వారా.

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. టిస్ ఇచ్చే ఎంఏ సోషల్ వర్క్, ఉస్మానియా ఇచ్చే ఎంఎస్‌డబ్ల్యూ ఒకటే అర్హత. కానీ ఎంఏ డెవలప్‌మెంట్ స్టడీస్, ఎంఏ రూరల్ డెవలప్‌మెంట్, ఎంఏ సోషియాలజీ సోషల్ వర్క్ డిగ్రీలు కావు. చదువుగా అవి ఏమాత్రం తక్కువ కాదు. కానీ నోటిఫికేషన్‌లో "ఎంఎస్‌డబ్ల్యూ లేదా ఎంఏ సోషల్ వర్క్" అని ఉంటే ఆ పట్టాలు పనికిరావు.

ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవాళ్లకు ఇగ్నో దూరవిద్యలో బీఎస్‌డబ్ల్యూ, ఎంఎస్‌డబ్ల్యూ నడుపుతోంది. చేరేముందు ఆ ఏడాదికి ఆ ప్రోగ్రామ్‌కు యూజీసీ అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. దూరవిద్యలో కూడా ఫీల్డ్ వర్క్ తప్పదు, దానికి సూపర్‌వైజర్‌ను కుదుర్చుకుని సంతకాలతో రికార్డు ఇవ్వాలి. ఆదివారాలు మాత్రమే ఖాళీ ఉన్నవాళ్లు ఇక్కడ చిక్కుకుపోతారు. సంస్థలు, ఆఫీసులు ఆదివారం మూసి ఉంటాయి కదా.

తరగతి గదిలో చెప్పేది

సోషల్ వర్క్ పద్ధతులు ఆరు అని ఏ సిలబస్ తెరిచినా ఉంటుంది: కేస్ వర్క్, గ్రూప్ వర్క్, కమ్యూనిటీ ఆర్గనైజేషన్, సంక్షేమ పాలన, పరిశోధన, సోషల్ యాక్షన్. ఆరు నిర్వచనాలు బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కవచ్చు. అవి అర్థం కావాలంటే ఒకే సమస్యను ఆరు వైపుల నుంచి చూడాలి.

2009 మే నెలలో భోలక్‌పూర్‌లో మంచినీటి పైపులో మురుగు కలిసి, ఆ నీళ్లు తాగినవాళ్లు చనిపోయారు. తోళ్ల గోదాములు, తుక్కు దుకాణాల మధ్య కిక్కిరిసిన ఇళ్లు అవి. అలాంటి చోట భర్తను పోగొట్టుకున్న మనిషితో కూర్చుని, ఆమె దుఃఖాన్నీ పింఛను కాగితాన్నీ రెండింటినీ పట్టించుకోవడం కేస్ వర్క్. నీళ్లంటేనే భయం పట్టుకున్న తల్లులను పదిమందిని వారానికోసారి కూర్చోబెట్టి, ఒకరి అనుభవం ఇంకొకరికి ఊతమయ్యేలా నడిపించడం గ్రూప్ వర్క్. ఏ గల్లీలో పైపు మురుగు కాలువను తాకుతోందో బస్తీవాళ్లే గుర్తుపెట్టి, వాళ్లే జలమండలి దగ్గరకు వెళ్లేలా చేయడం కమ్యూనిటీ ఆర్గనైజేషన్. ఏ ఇంట్లో ఎప్పుడు వాంతులు మొదలయ్యాయో లెక్క తీయడం పరిశోధన. వచ్చిన సాయం అసలు బాధితులకు చేరేలా రిజిస్టర్లు, కమిటీ, ఖర్చు చూసుకోవడం పాలన. పైపులు మార్చేదాకా ఊరుకోకుండా నిలదీయడం సోషల్ యాక్షన్. వీటిలో ఏదీ మిగతావాటి కంటే గొప్పది కాదు. సమస్య ఎక్కడ ఉందో చూడకుండా తనకు వచ్చిన పద్ధతినే ప్రతిచోటా వాడటం కొత్త సోషల్ వర్కర్ చేసే పెద్ద తప్పు. నల్లాలో మురుగు వస్తుంటే తల్లులకు చేతులు కడుక్కోవడం మీద క్లాసు పెట్టడం అటువంటిదే.

ఫీల్డ్ వర్క్ ఎలా నడుస్తుంది

సాధారణంగా వారానికి రెండు రోజులు ఫీల్డ్‌లో ఉండాలి. మొదటి సెమిస్టర్ మొదట్లో ఓరియంటేషన్ విజిట్లు ఉంటాయి, అంటే రోజుకొక సంస్థ చూపిస్తారు. తర్వాత ఒక్కొక్కరినీ ఒక ఏజెన్సీకి వేస్తారు. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, నీలోఫర్, సైదాబాద్ బాలల సదనం, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ, హింసకు గురైన ఆడవాళ్లకు, పిల్లలకు సాయం చేసే భరోసా, సఖి కేంద్రాలు, బస్తీల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, ఇలాంటి చోట్లకు. మధ్యలో వారం పది రోజుల రూరల్ క్యాంపు, చివర్లో నెల రోజులకు అటూఇటూ బ్లాక్ ప్లేస్‌మెంట్, అంటే క్లాసులు లేకుండా రోజూ ఒకే సంస్థలో పని. రోజువారీ పని చూసేది ఏజెన్సీ సూపర్‌వైజర్. వారానికోసారి రికార్డు చదివి, విద్యార్థిని ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడేది ఫ్యాకల్టీ సూపర్‌వైజర్. విద్యార్థులు దీన్ని ఐసీ (ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్) అంటారు, అందరూ కలిసి కూర్చునేదాన్ని జీసీ (గ్రూప్ కాన్ఫరెన్స్) అంటారు.

లెక్క వేసి చూడండి. సెమిస్టర్‌కు 15 వారాలు అనుకుంటే ఫీల్డ్‌కు దొరికేది 30 రోజులు. అందులో బతుకమ్మ, దసరా సెలవులు, పరీక్షలు, కాలేజీ కార్యక్రమాలు పోతాయి. ఏజెన్సీలో పనేమిటో అర్థం కావడానికే ఆరేడు రోజులు పడతాయి. అందుకే ప్రతి సెమిస్టర్‌కూ ఏజెన్సీ మార్చే కాలేజీ కంటే, ఏడాది పొడుగునా ఒకేచోట ఉంచే కాలేజీలో నేర్చుకునేది ఎక్కువ. నాలుగు సంస్థల పేర్లు రెజ్యూమెలో ఉంటే బాగుంటుందనిపిస్తుంది. కానీ ఒక కేసును మొదటి నుంచి ముగింపు దాకా నడిపిన అనుభవం ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే బయటపడుతుంది.

ఎక్కడ చెడుతుంది? మూడు చోట్ల ఎక్కువగా. ఒకటి, ఏజెన్సీవాళ్లు విద్యార్థిని గుమస్తాగా వాడుకుంటారు. ఎక్సెల్ షీటు నింపడం, బ్యానర్ పట్టుకోవడం, ఫొటోలు తీయడం. రెండు, ఫ్యాకల్టీ సూపర్‌వైజర్‌కు ఇరవై ముప్పై మంది విద్యార్థులు ఉంటే ఐసీ అన్నది రికార్డు మీద సంతకమై ఆగిపోతుంది. మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. పనేమీ దొరకని విద్యార్థి జరగని ఇంటర్వ్యూలను హాస్టల్ గదిలో కూర్చుని రాస్తాడు. అది అతని తప్పుగా మొదలైనా, ఐసీలో ఎవరూ పట్టుకోకపోతే అలవాటవుతుంది. మొదటి రెండు వారాల్లోనే "నాకు ఒక కేసు, ఒక గ్రూపు కావాలి" అని ఏజెన్సీ సూపర్‌వైజర్‌ను రాతపూర్వకంగా అడగాలి. కాపీ కాలేజీకి ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే ఏజెన్సీ మార్చమని అడిగే హక్కు విద్యార్థికి ఉంది. నెల దాటాక అడిగితే ఎవరూ మార్చరు.

రికార్డు ఎందుకంత ముఖ్యం

ఉదాహరణకు ఒక ఊహా కేసు తీసుకుందాం. క్యాన్సర్ ఆస్పత్రిలో ప్లేస్‌మెంట్ ఉన్న విద్యార్థిని. నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి వచ్చే నలభై అయిదేళ్ల మనిషి. 21 రోజులకోసారి కీమో. మూడోసారి రావాల్సిన తేదీకి రాలేదు, పదకొండు రోజులు ఆలస్యంగా వచ్చింది.

చాలా రికార్డుల్లో ఇలా ఉంటుంది: "రోగి పేదరికం వల్ల రాలేకపోయింది. బస్సు ఛార్జీలకు డబ్బుల్లేవు. చికిత్స ప్రాముఖ్యం గురించి కౌన్సెలింగ్ ఇచ్చాను. ఆమె అర్థం చేసుకుంది."

ఈ నాలుగు వాక్యాల్లో పనికొచ్చేది ఒక్కటీ లేదు. 2023 డిసెంబర్ నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. మరి బస్సు ఛార్జీల మాట ఎక్కడిది? విద్యార్థిని అడగలేదు, ఊహించుకుంది. "కౌన్సెలింగ్ ఇచ్చాను" అన్న మాట సోషల్ వర్క్ రికార్డుల్లో అన్నిటికంటే ఖాళీ మాట. ఏం అడిగారో, ఆమె ఏమన్నదో రాయకపోతే అది ఇచ్చినట్టు కాదు.

అదే సంభాషణ జరిగింది జరిగినట్టు రాస్తే ఇలా ఉంటుంది. విద్యార్థిని: "పోయిన తారీఖుకు రాలేదు కదమ్మా, ఏమైంది?" ఆమె: "ఎట్ల రావాలె బిడ్డా. నాకైతే బస్సు ఫిరీనే. నాతోని వచ్చేటోళ్లు ఎవరు? పత్తి ఏరే రోజులాయె. మా ఆయన వస్తే రెండు దినాల కూలి పాయె, పోను రాను టికెట్ పాయె." తర్వాత కాసేపు ఊరుకుంది. చేతిలో ఫైలు కవరును మడుస్తూ, "ఒక్కదాన్నే వస్తే వాంతులైతయని భయం" అన్నది.

ఇప్పుడు సమస్య వేరే రూపం ఎత్తింది. అడ్డంకి ఆమె ఛార్జీ కాదు, తోడు వచ్చే మగమనిషి కూలి. రెండు రోజులు ఎందుకు పడుతోందంటే, ముందురోజు రక్తపరీక్షకు ఒకసారి, మర్నాడు కీమోకు ఒకసారి. ఇప్పుడు చేయగలిగినవి కళ్లముందుకు వస్తాయి. రక్తపరీక్ష ఊరి దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రిలో చేయించుకుని రిపోర్టు తెస్తే ఒప్పుకుంటారా అని డాక్టరును అడగవచ్చు. తోడుగా ఆడమనిషి వస్తే టికెట్ ఉండదు కాబట్టి సంఘంలోని మనిషో, ఆడబిడ్డో, కూతురో ఎవరు రాగలరో ఆమెనే ఆలోచించమనవచ్చు. వాంతుల భయం గురించి నర్సుతో మాట్లాడించవచ్చు. ఇందులో ఏది చేయాలో నిర్ణయం ఆమెది. వచ్చే 21 రోజుల్లో ఎవరు ఏం చేస్తారన్నది రికార్డు చివరి భాగం.

అలా రాయడానికి కొన్ని అలవాట్లు కావాలి. మాట్లాడేటప్పుడు కాగితం పట్టుకోకూడదు, మనిషి ముడుచుకుపోతుంది. బయటికి వచ్చాక అయిదు నిమిషాల్లో ముఖ్యమైన మాటలు చిన్న పుస్తకంలో రాసుకోవాలి. పూర్తి రికార్డు అదే రాత్రి. రెండు రోజులు ఆగితే మనం గుర్తుంచుకునేది వాళ్లు అన్నది కాదు, మనకు అనిపించింది. చూసినదీ అనుకున్నదీ వేరువేరు పేరాల్లో ఉండాలి. "ఆమె నిరాశగా ఉంది" అనేది అనుకున్నది. "మూడుసార్లు మాట మధ్యలో ఆపింది" అనేది చూసింది.

భాష సంగతి విడిగా చెప్పాలి. రికార్డు ఎక్కువ కాలేజీల్లో ఇంగ్లిష్‌లో రాయిస్తారు. మాట్లాడేదేమో తెలంగాణ తెలుగు, దక్కనీ ఉర్దూ, లంబాడీ. "గాబరా అయితుంది", "పరేషాన్ ఉన్న", "నరాలు గుంజుతున్నయ్", "గాలి సోకింది" అన్న మాటలన్నిటినీ డిప్రెషన్ అని ఒకే మాటలో కలిపేసే విద్యార్థి ఆ మనిషి చెప్పినదాన్ని పారేసినట్టే. గాలి సోకింది అనుకునే మనిషి ముందు దర్గాకో, పూనకం వచ్చే అమ్మ దగ్గరకో వెళ్లి ఉంటుంది. అది తెలుసుకోకపోతే మందులు ఎందుకు ఆపేసిందో అర్థం కాదు. ఆ మాటలను తెలుగు లిపిలోనే, ఉన్నవి ఉన్నట్టు రికార్డులో ఉంచి, కింద వివరణ రాయండి. అడ్డుచెప్పే సూపర్‌వైజర్ అరుదు.

బస్తీలో మొదటి నెల

హైదరాబాద్‌కు ఈ పనిలో పాత చరిత్ర ఉంది. 1967లో ఇక్కడ పట్టణ సామాజికాభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. జీహెచ్‌ఎంసీలో ఇప్పటికీ యూసీడీ (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) విభాగం, దాని కింద కమ్యూనిటీ ఆర్గనైజర్లు ఉండటానికి మూలం అదే. బస్తీలో ప్లేస్‌మెంట్ వచ్చిన విద్యార్థి మొదటివారంలోనే ఆ ప్రాంతపు కమ్యూనిటీ ఆర్గనైజర్‌ను కలవాలి. మహిళా సంఘాలు ఎన్ని, స్లమ్ లెవల్ ఫెడరేషన్‌లో చురుగ్గా ఉన్నది ఎవరు, ఏ సంఘం అప్పు కట్టలేక చీలిపోయింది అనే సంగతులు ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియవు.

మొదటి అడుగు ఎవరి ఇంట్లో వేస్తారన్నది ముఖ్యం. బస్తీ నాయకుడు మర్యాదగా కుర్చీ వేస్తాడు, చాయ్ ఇస్తాడు, తన మనుషులను పిలిపిస్తాడు. ఆ రోజు నుంచి మిగతా సగం బస్తీకి మీరు ఆయన మనుషులు. ఆయనను కలవకుండా ఉండటమూ కుదరదు. అదేరోజు అంగన్‌వాడీ టీచరును, ఆశాను, కిరాణా కొట్టును, చివరి గల్లీలోని రెండు ఇళ్లను కూడా కలిస్తే ఆ ముద్ర పడదు.

సోషల్ మ్యాప్ వేయించడం అందరికీ నేర్పుతారు. నేల మీద ముగ్గుపిండితో బస్తీవాళ్లే తమ బస్తీ బొమ్మ గీస్తారు. ఒక్క మ్యాప్‌తో ఆగకండి. మగవాళ్లతో ఒకటి, ఆడవాళ్లతో ఒకటి, పదిహేనేళ్ల ఆడపిల్లలతో ఒకటి విడివిడిగా వేయించండి. మగవాళ్ల బొమ్మలో గుడి, మసీదు, ఆటో స్టాండు, వైన్స్ ముందుగా వస్తాయి. ఆడవాళ్లు నల్లా, రేషన్ షాపు, బస్తీ దవాఖానా గీస్తారు. ఆడపిల్లలు లైటు లేని మలుపు గీస్తారు. మూడు బొమ్మలు పక్కపక్కన పెట్టినప్పుడు మొదలయ్యే వాదనలోనే బస్తీ అసలు సమస్య వినిపిస్తుంది.

మీటింగుకు ఎవరూ రాలేదని వాపోయే విద్యార్థులను ముందు అడగాల్సింది, ఆ బస్తీకి నీళ్లు ఏ రోజు ఏ టైముకు వస్తాయని. నల్లా వచ్చే గంటలో ఏ ఆడమనిషీ కదలదు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు తిరిగి వచ్చేది మధ్యాహ్నం. పాతబస్తీలో శుక్రవారం మధ్యాహ్నం పెట్టకూడదు. కాలేజీ ఫీల్డ్ వర్క్ టైము పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగని రాసి ఉన్నా, బస్తీ ప్లేస్‌మెంట్‌కు దాన్ని మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఏడు దాకా మార్పించుకోవడం మేలు. అమ్మాయిలు తిరిగివచ్చే బస్సు సంగతి ముందే చూసుకోవాలి.

పిల్లల విషయంలో చట్టం

ఫీల్డ్‌లో ఏదో ఒక రోజు ఒక పాప మీతో చెప్పకూడనిది చెబుతుంది. అప్పుడు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు, ఆ మాట నిలబెట్టుకోలేరు. 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి, చేయకపోతే శిక్ష ఉంది. విద్యార్థినని మినహాయింపు లేదు. పాప చెప్పినంత విని, ఆమె మాటలను అలాగే రాసి, అదేరోజు సూపర్‌వైజర్‌కు చెప్పి ముందుకు వెళ్లాలి. ప్రశ్న మీద ప్రశ్న వేసి వివరాలు రాబట్టకండి. ఆ పాప అదే కథ పోలీసులకు, డాక్టరుకు, మేజిస్ట్రేటుకు మళ్లీ చెప్పాల్సి వస్తుంది. ఆమె పేరు, స్కూలు, ఫొటో మీ రికార్డులోగానీ క్లాసు వాట్సాప్ గ్రూపులోగానీ కనిపించకూడదు. గుర్తింపు బయటపెట్టడం పోక్సోలోనూ, 2015 బాల న్యాయ చట్టంలోనూ నేరం.

బాల న్యాయ చట్టం సోషల్ వర్క్ విద్యార్థి కంఠతా పట్టదగిన చట్టం. దిక్కులేని పిల్లలను 24 గంటల్లోగా శిశు సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. సామాజిక విచారణ నివేదిక 15 రోజుల్లో పూర్తికావాలి. ఆ నివేదిక రాసేది ఎవరు? ఎక్కువగా జిల్లా బాలల సంరక్షణ విభాగంలోని సోషల్ వర్కర్. పాప ఇంటికి వెళ్లవచ్చా, హోంలో ఉండాలా అన్నది దాదాపుగా ఆ కాగితం మీదే ఆధారపడుతుంది. పైన చెప్పిన రికార్డు రాసే అలవాటు లేని మనిషి రాసిన నివేదికకు ఒక బిడ్డ మూల్యం చెల్లిస్తుంది.

స్పెషలైజేషన్లు, ఉద్యోగాలు

రెండో ఏడాది స్పెషలైజేషన్ ఎంచుకోవాలి: మెడికల్ అండ్ సైకియాట్రిక్, కమ్యూనిటీ డెవలప్‌మెంట్, కుటుంబం, శిశు సంక్షేమం, హెచ్‌ఆర్. అన్ని చోట్లా అన్నీ ఉండవు.

మానసిక ఆరోగ్యం వైపు వెళ్లేవాళ్లు ఒక విషయం ముందే గ్రహించాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే ఎంఎస్‌డబ్ల్యూ ఒక్కటే చేసినవాళ్లు కారు. దాని తర్వాత రెండేళ్ల పూర్తికాలపు ఎంఫిల్, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ ఉండాలి. బెంగళూరు నిమ్హాన్స్ దీనికి పేరున్న చోటు. ఎంఫిల్‌ను దేశమంతటా ఆపేస్తున్న సమయంలో ఈ కోర్సుకు యూజీసీ గడువు పొడిగిస్తూ వచ్చింది కాబట్టి, మీరు చేరే ఏడాదికి దాని స్థానంలో ఏ అర్హత గుర్తిస్తున్నారో నేరుగా ఆ సంస్థ ప్రకటనలోనే చూడాలి.

హెచ్‌ఆర్ స్పెషలైజేషన్ సోషల్ వర్క్‌లోకి ఎలా వచ్చిందని చాలామంది అడుగుతారు. 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట సంక్షేమాధికారి ఉండాలన్నది. ఆ ఉద్యోగానికి తయారుచేసిన పేపర్లే కాలక్రమంలో హెచ్‌ఆర్‌గా మారాయి. హైటెక్ సిటీలో ఎంబీఏలతో పోటీపడాలంటే ఎంఎస్‌డబ్ల్యూ విద్యార్థికి ఉన్న అదనపు బలం కార్మిక చట్టాలు, ఫిర్యాదులు వినే నేర్పు, 2013 పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల చట్టం కింద కమిటీ నడిపే పరిజ్ఞానం. జీతాల సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ఆగిపోతే ఆ బలం పోతుంది.

స్వచ్ఛంద సంస్థల్లో పని దొరుకుతుంది, నిలకడ తక్కువ. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఒక సంస్థ తీసుకున్న విదేశీ నిధిని ఇంకో సంస్థకు ఇవ్వడం కూడా ఆగిపోయింది. చిన్న సంస్థలు దానితో చాలా దెబ్బతిన్నాయి. మరోవైపు 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కు, అంటే సామాజిక బాధ్యత పనులకు ఖర్చుచేయాలి. అక్కడ కావాల్సింది బేస్‌లైన్ సర్వే, బడ్జెట్, ప్రభావ అంచనా రాయగల మనిషి. ప్రభుత్వంలో బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య, సఖి వంటివి ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగాలు. మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖలో సీడీపీవో (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి), సూపర్‌వైజర్ పోస్టులకు సోషల్ వర్క్ డిగ్రీని కూడా అర్హతగా తీసుకుంటారు. బీఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లు ఆ నోటిఫికేషన్లను వదులుకోకూడదు. పాఠాలు చెప్పాలనుకునేవాళ్లకు యూజీసీ నెట్‌లో సోషల్ వర్క్ విడి సబ్జెక్టు.

చేరేముందు, బయటికి వచ్చేముందు

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు భవనం, లైబ్రరీ తర్వాత చూడండి. ఆఫీసులో కాకుండా రెండో ఏడాది విద్యార్థులను అడగండి. పోయిన వారం ఐసీ ఎన్ని నిమిషాలు జరిగింది? రికార్డు మీద ఎర్ర పెన్నుతో ఏం రాశారు? ఫ్యాకల్టీ సూపర్‌వైజర్ ఏజెన్సీకి సెమిస్టర్‌లో ఎన్నిసార్లు వచ్చారు? పాత రికార్డు ఒకటి చూపించమనండి. ప్రతి పేజీలో సంతకం తప్ప ఒక్క ప్రశ్న కూడా లేకపోతే ఆ కాలేజీ సంగతి తెలిసిపోయినట్టే.

డిజర్టేషన్, అంటే చదువులో భాగంగా రాసే పరిశోధన నివేదిక విషయంలో ఒక్క మాట. "ఫలానా బస్తీ మహిళల సామాజిక, ఆర్థిక స్థితిగతులు" అని టాపిక్ పెట్టుకుని, అరవై ప్రశ్నపత్రాలు రెండు రోజుల్లో నింపించి, శాతాల పట్టికలు వేసి ఇచ్చేవి గుట్టలుగా ఉన్నాయి. మీ ఫీల్డ్ వర్క్‌లో మీకు జవాబు దొరకని చిన్న ప్రశ్న ఒకటి పట్టుకోండి. తోడు లేక కీమో తేదీ తప్పినవాళ్లు ఏం చేస్తున్నారన్నది అలాంటి ప్రశ్న. పన్నెండు మందితో గంటసేపు మాట్లాడితే దానికి వచ్చే జవాబు ఆ ఆస్పత్రికి కూడా పనికొస్తుంది.

చివరి సెమిస్టర్ అయిపోగానే అందరూ మెమో, ప్రొవిజనల్ తీసుకుని వెళ్లిపోతారు. దానికి ముందే డిపార్ట్‌మెంట్ నుంచి ఒక ఉత్తరం అడిగి తీసుకోండి. ఏ సెమిస్టర్‌లో ఏ ఏజెన్సీలో ఎన్ని గంటలు ఫీల్డ్ వర్క్ చేశారో, సూపర్‌వైజర్ ఎవరో, ఆమె అర్హత ఏమిటో లెటర్‌హెడ్ మీద, సీలుతో ఉండాలి. విదేశాల్లో సోషల్ వర్కర్‌గా నమోదు కావాలన్నా అక్కడివాళ్లు మొదట అడిగేది ఆ గంటలే. పేర్లు కొట్టేసిన రికార్డు కాపీలు మీ దగ్గర ఒక సెట్టు ఉంచుకోండి. అయిదేళ్ల తర్వాత వెళితే ఆ సూపర్‌వైజర్ రిటైరై ఉంటారు, ఫైలు ఏ బీరువాలో ఉందో చెప్పేవాళ్లు ఉండరు.